రోకలికి కట్టిన గుడ్డ

చింతకొట్టాల, ఆదోని దగ్గర
ఫిబ్రవరి

వదినా,

ఉత్తరం ఎప్పుడూ ‘ఇక్కడ అందరం క్షేమం’ అని మొదలుపెడతాను. ఈరోజు ఆ మాట రాయడానికి చేయి రాలేదు. అత్త పోయింది. మొన్న పొద్దున.

నీకు చెవులు వినపడక ఫోను పనికిరాకుండా పోయినప్పటి నుంచి అత్త మాటలన్నీ నా చేతి రాతలోనే నీకు చేరుతున్నాయి. ఆమె గడప మీద కూర్చుని చెబుతుంటే పక్కన కూర్చుని నేను రాసేదాన్ని. చివరికి మీ అమ్మ పోయిన కబురు కూడా నేనే రాయాల్సి వచ్చింది.

కడపలో నీకు గుండె ఆపరేషన్ అని తెలిసిన రోజే అత్త పొగకారం పని మొదలుపెట్టింది. ‘ఆసుపత్రి కూడు సప్పగా ఉంటాది. పెద్దపాప ఇల్లు చేరేపాటికి కారం తయారుగా ఉండాల’ అంది. మన చేని బ్యాడిగ మిరపకాయలు తనే ఏరింది. పెరట్లో గుంత తీయించి, తుమ్మ చెక్కలు రాజేసి, పైన తడక మీద కాయలు పరిచి తడి గోనె కప్పింది. మంట లేవకుండా, పొగ మాత్రమే వచ్చేలా చూసుకుంటూ పీట వేసుకుని కూర్చుంది. ఆ పీట మీదే పోయింది. ఎలా పోయిందో ఇప్పుడు రాయలేను వదినా.

చేని గట్టున మామ పక్కన పూడ్చాము. నీ తమ్ముడు గుండు చేయించుకున్నాడు. నేను రోకలికి తెల్లగుడ్డ కట్టి అటక మీద పెట్టాను. మనిషి పోతే ఏడాది తిరిగేదాకా మన ఇంటి రోట్లో కారం దంచకూడదు కదా. మామ పోయిన ఏడు ఆ గుడ్డ అత్త కట్టింది. కడుతూ నన్ను చూసి నేర్చుకోమంది. అప్పుడు నాకు కోపం వచ్చింది, ఇలాంటివి కూడా నేర్చుకోవాలా అని.

ఇక్కడిదాకా రాసి కవరు కోసం లేచాను. ఇంతలో నీ కొడుకు హనుమేష్ ఫోన్ చేశాడు. ‘అత్తా, అమ్మకు ఏమీ రాయొద్దు. కుట్లు ఇంకా పచ్చిగా ఉండాయి. మనసుకు దెబ్బ తగిలే మాట చెవిన పడకూడదని డాక్టరు గట్టిగా చెప్పినాడు. నేను చెప్పేదాకా అవ్వ ఉన్నట్టే రాస్తా ఉండు’ అన్నాడు. నీ తమ్ముడు కూడా అదే మంచిదన్నాడు.

కాబట్టి ఈ ఉత్తరం నీకు రాదు. నా పెట్టెలో పెడుతున్నాను. రేపు ఇంకొకటి రాస్తాను. అందులో అత్త ఉంటుంది. నన్ను క్షమించు వదినా.

శివజ్యోతి


చింతకొట్టాల
మార్చి మొదట్లో

వదినా,

నీ ఆపరేషన్ బాగా జరిగిందని హనుమేష్ చెప్పాడు. వినగానే మనసు కుదుటపడింది. కుట్లు మానేదాకా బిందెలు ఎత్తొద్దు, వంగి ఊడ్వొద్దు. కోడలు చేసిన పనికి వంకలు పెట్టకుండా కూర్చో.

అత్త అడుగుతోంది, ‘పెద్దపాప కూడు తింటాందా? పండుకునేటప్పుడు ఎద నొస్తాందా?’ అని. కుట్ల మీద పసుపు అద్దొచ్చేమో డాక్టరును అడగమంటోంది. నేను వద్దన్నాను.

పొగకారం ఈసారి కొంచెం ఆలస్యమవుతుంది. తుమ్మ చెక్కలు పచ్చిగా ఉన్నాయి. నీ తమ్ముడు మిరపకాయ కోతల్లో మునిగి ఉన్నాడు, నిన్ను చూడటానికి ఇప్పట్లో రాలేడేమో. ఏమీ అనుకోకు.

నీ మరదలు
శివజ్యోతి


ఎర్రగుంట్ల
మార్చి నెలాఖరు

జోతీ,

బతికే ఉన్నాను. ఇల్లు చేరాను. నా ఎదను గోనెసంచి కుట్టినట్టు కుట్టారు. అద్దంలో చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. చెవుల మిషను పెట్టుకుంటే ఈల వేస్తుందని తీసి పెట్టెలో పడేశాను. ఇప్పుడు చెవులూ లేవు, గుండే సగం కొత్తది. ఇంకేం మిగిలింది నాలో పాతది అంటే నోరొకటి.

ఆ నోటికే ఇక్కడ తిండి లేదు. కోడలు ఉప్పూ కారం లేని కూరలు వండి పెడుతోంది. మా ఇంటి చెట్ల మీద సిమెంటు దుమ్ము ఉంటుందే, దానికి ఇంతకంటే రుచి ఉంటుందేమో. మొన్న పాపం జాలిపడి అంగడి కారంలో ఎల్లిపాయ నూరి పెట్టి, ఇదే అవ్వ కారం అనుకోమంది. అమ్మ విని ఉంటే కొట్టేది. ‘పొగకారానికి ఎల్లిపాయ సోకితే పొగ సస్తాది’ అని నా చేతి మీద ఎన్నిసార్లు కొట్టలేదు!

అమ్మను త్వరగా చేసి పంపమను. డాక్టరు రోజుకు చిటికెడు తినొచ్చన్నాడు. అనలేదనుకో, అడిగితే అనేవాడే. కానీ ఆమెను గుంత దగ్గర ఎక్కువసేపు కూర్చోనివ్వకు. పొగకు దగ్గు పట్టుకుంటే నెల వదలదు.

తమ్ముడి మీద నాకు కోపంగా ఉంది. అక్క గుండె కోశారంటే చూడటానికి రాని తమ్ముడు ఎక్కడైనా ఉంటాడా? మిరపకాయలు ఏమైనా పారిపోతాయా?

ఇంకొకటి. పోయిన ఉత్తరంలో ‘ఇక్కడ అందరం క్షేమం’ అని రాయలేదు నువ్వు. కాగితం చాలలేదా?

మీ వదిన
రామేశ్వరమ్మ


చింతకొట్టాల
ఏప్రిల్

వదినా,

ఈ ఉత్తరంతో పాటు పార్సిల్లో కారం పంపుతున్నాను. చిన్న జాడీయే. చిటికెడు అంటే చిటికెడే తిను.

ఈసారి మన పెరట్లో గుంత అంచులు కూలిపోయాయి. పక్కింటి విశ్వాసమ్మ తన ఎల్లిపాయ కారం పని పక్కన పెట్టి, ‘మా పెరట్లో పెట్టుకో పో పాపా, నన్ను అడిగేదేముండాది’ అంది. అక్కడే పొగ పెట్టాము. అత్త కూర్చుని చెబుతుంటే అంతా నేనే చేశాను. ఆమెకు మోకాళ్లు నొప్పి.

మొదటిసారి చెడగొట్టాను. గోనె ఆరిపోయింది, మళ్లీ తడపడం మరిచిపోయాను. లోపల మంట లేచి కాయలు నల్లగా మాడాయి. వాసన చూస్తేనే చేదు. అత్త తిట్టింది చూడు, ‘కండ్లు యాడ పెట్టుకున్నావు? పొగ తెల్లగా వస్తాంటే కాయ నవ్వుతాది, నీలంగా వస్తే ఏడుస్తాది, ఇన్నేండ్లకూ తెల్లేదా నీకు?’ అని. ఆ తిట్టు నిజంగా చెవుల్లో వినిపించింది వదినా. అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాను. విశ్వాసమ్మ వచ్చి లేపింది.

రెండోసారి జాగ్రత్త పడ్డాను. గోనె తడుపుతూ, కాయలు తిరగేస్తూ గుంత వదల్లేదు. కాయ మెత్తబడి ఎర్ర రంగులోంచి గోధుమ రంగులోకి తిరిగాక తీసి, ఎండలో పెట్టి, తొడిమలు తుంచి, ఆముదం పట్టించి దంచాను. కల్లుప్పు అత్త వేసినంతే వేశాను. తప్పులుంటే నావి.

నీ తమ్ముడు తప్పకుండా వస్తాడు. కొంచెం ఆగు.

శివజ్యోతి


ఎర్రగుంట్ల
మే

జోతీ,

జాడీ అందింది. మూత తీసి వాసన చూశాను. వేడన్నంలో వేసి కలుపుకుని తిన్నాను. చాలా బాగా చేశావు. ఒక్కదానివే అంత పని చేశావు. నీ చేతులు మండి ఉంటాయి, వెన్న రాసుకో.

తమ్ముణ్ని తొందరపెట్టొద్దు. ఎండలు తగ్గాక, వీలు చూసుకుని రమ్మను. పోయినసారి ఏదో నోటికొచ్చినట్టు రాశాను. వాడితో అనొద్దు.

ఇక్కడ ఎండ మండిపోతోంది. రెండు రోజులు మంచం దిగలేదు. కోడలు భయపడి డాక్టరును పిలుస్తానంది. ఒంట్లో బాగానే ఉందని చెప్పాను. హనుమేష్ వచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఏమన్నా చెబుతాడేమో అని వాడి పెదవులు చూస్తూ ఉన్నాను. దుప్పటి సర్ది వెళ్లిపోయాడు.

నాకొక పని చేసిపెట్టు. అమ్మను ఒక మాట అడిగి రాయి. నన్ను అత్తింటికి పంపిన రోజు ఊరంతా బస్సు దగ్గరికి వచ్చింది, అమ్మ రాలేదు. కిటికీలోంచి బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. నేను పోతున్నందుకు ఆమెకు బాధ లేదేమో అని మొదటి ఏడాదంతా అనుకున్నాను. తర్వాత పిల్లలు, సంసారం, అడగడం పడలేదు. ఇప్పుడు తెలుసుకోవాలని ఉంది. అమ్మ నీకు ఎప్పుడైనా చెప్పిందేమో. కాదు, అమ్మనే అడుగు. అడిగి, ఆమె ఎలా అంటే అలాగే రాయి.

రామేశ్వరమ్మ


చింతకొట్టాల
జూన్

వదినా,

మొదటి వాన పడింది. మిరప నారు పోశాము.

నువ్వు అడిగిన మాట అత్త చెబుతోంది, రాస్తున్నాను.

‘ఆ పొద్దు పెద్దపాపను బస్సెక్కించను అందరూ పోయిరి. నేను పోలేదు. పోతే ఏడుస్తా. తల్లి ఏడిస్తే బిడ్డ అత్తింట్ల నిలబడదని మా అత్త కండ్లెర్ర జేసె. ఇంట్ల కూసుని ఏడ్చినా ఎవురో ఒకరు సూస్తారు. అందుకే కుండలో ఉన్న మిరపకాయలు రోట్లో ఏసి దంచితి. ఆముదం పూయలేదు, కావాలనే. పూస్తే ఘాటు లేవదు గదా. ఇల్లంతా దగ్గిరి. పెండ్లింట కారం దంచుతాండాది, సుంకమ్మకేం పిచ్చి పట్టెనా అనిరి. అనుకోనీ. నా కండ్ల నీళ్లు యాడివో ఎవురికీ తెల్లేదు. బస్సు హారను కొట్టినప్పుడు ఇంగా గట్టిగా దంచితి. బిడ్డ పోయినాక చూస్తే రోట్లో కారం మెత్తని పిండి అయిండాది. అంత మెత్తగా మళ్లా ఎప్పుడూ దంచలేదు నేను.’

ఇంతే చెప్పింది వదినా. నీకు చెప్పలేకపోయానని కూడా అంది.

శివజ్యోతి


ఎర్రగుంట్ల
ఆగస్టు

జోతీ,

ఆ ఉత్తరం మడతల దగ్గర చిరిగేదాకా చదువుకున్నాను.

ఇప్పుడు రైలు గేటు దాకా నడిచి వస్తున్నాను. మొదట్లో ఆయాసం వచ్చేది, ఇప్పుడు తగ్గింది. గేటు దగ్గర నిలబడితే గూడ్సు బండి పోతున్నప్పుడు నేల అదురుతుంది. శబ్దం వినపడదు కానీ అరికాళ్లకు తెలుస్తుంది. చిన్నప్పుడు అమ్మ దంచుతుంటే రోటి పక్కన పడుకునేదాన్ని, నేల ఇలాగే అదిరేది. నాకు అందులో నిద్ర పట్టేది.

అమ్మ ఇంకేమంటోంది? ఏదైనా సరే రాయి. వంకాయలు బాగా లేవని అన్నా సరే, పక్కింటి కోడిని తిట్టినా సరే.

రామేశ్వరమ్మ


చింతకొట్టాల
అక్టోబరు

వదినా,

రాయడం ఆలస్యమైంది. అత్తకు ఒంట్లో బాగా లేదు. జ్వరం వచ్చి వారమైంది. మాట తక్కువ మాట్లాడుతోంది. గంజి తప్ప ఏమీ దిగడం లేదు. ఆదోని నుంచి డాక్టరు వచ్చి చూశాడు. వయసు అయింది కదా, మనం ధైర్యంగా ఉండాలన్నాడు.

నువ్వు కంగారు పడొద్దు. ప్రయాణం పెట్టుకోవద్దు. ఎలా ఉందో మళ్లీ రాస్తాను. మనసు గట్టి చేసుకో.

శివజ్యోతి


ఎర్రగుంట్ల
అక్టోబరు

జోతీ,

అమ్మను మళ్లీ మంచాన పడేయకు. ఆమె ఒక్కసారి పోయింది, చాలు. రెండోసారి చంపడం నీ వల్ల కాదు. ఆ ఉత్తరంలో నీ అక్షరాలు చూశాను, ఎలా వంకర పోయాయో. జ్వరమని, గంజి అని, డాక్టరని మెల్లమెల్లగా రాసి చివరికి పోయిందని రాయమని హనుమేష్ చెప్పి ఉంటాడు. వద్దు. నాకు తెలుసు.

నువ్వు పంపిన జాడీ మూత తీసినప్పుడే తెలిసింది. పొగ బాగా కుదిరింది, ఉప్పు కుదిరింది, అన్నీ అమ్మ చేసినట్టే ఉన్నాయి. కానీ అడుగున ఎల్లిపాయ వాసన. ముందు నా ముక్కే చెడిందనుకున్నాను. నాలుక మీద వేసుకుంటే తెలిసిపోయింది. రాతికి పట్టిన వాసన కడిగితే పోతుందా? ఏళ్ల తరబడి ఎల్లిపాయ దంచిన రోలు విశ్వాసమ్మది. పొగ ఆమె పెరట్లో పెట్టానని రాశావు, దంచింది కూడా ఆమె రోట్లోనే అని రాయలేదు. మన ఇంట్లో అంత రోలు ఉండగా పొరుగు రోలుకు ఎందుకు పోతారు? ఒక్కదానికే పోతారు. మన రోకలికి గుడ్డ కట్టి ఉంటేనే పోతారు.

అప్పుడు మిగతావన్నీ ఒక్కొక్కటే అర్థమయ్యాయి. క్షేమమని ఎందుకు రాయలేదో, తమ్ముడు ఎందుకు రాలేదో. గుండు మీద వెంట్రుకలు రావాలి కదా పాపం. వాడి మీద కోప్పడినందుకు ఆ రోజు నన్ను నేను ఎంత తిట్టుకున్నానో.

తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నావంటావేమో. నువ్వు ‘అత్త అంటోంది’ అని రాస్తున్నావు. నాకు తెలుసని నేను చెబితే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. ఇంకొక్క ఉత్తరం వచ్చాక చెబుదాం, ఇంకొక్కటి వచ్చాక చెబుదాం అనుకుంటూ ఇన్నాళ్లు గడిపాను. నీతో అబద్ధం చెప్పించింది హనుమేష్ ఒక్కడే కాదు, నేను కూడా.

హనుమేష్ మీద కోపం ఉంది. నా తల్లి ముఖం నన్ను చూడనివ్వలేదు. పిడికెడు మన్ను వేయనివ్వలేదు. నా ప్రాణం కాపాడాననుకుంటున్నాడు. కాపాడాడేమో కూడా. వాడు నా కొడుకు, వాణ్ని ఏమనాలి? ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరుగుతున్నాను. నీ మీద కోపం వచ్చింది, వచ్చి పోయింది. ఆమె తిట్టు నీకు నిజంగా వినిపించిందని రాశావే, అక్కడ పోయింది.

ఇప్పుడు దాచకుండా రాయి. అమ్మ ఎలా పోయింది? పక్కన ఎవరున్నారు? నన్ను తలుచుకుందా? ఇంకొకటి, ఇదే అన్నిటికంటే ముఖ్యం. బస్సు రోజు సంగతి అమ్మ నిజంగా నీకు చెప్పిందా, లేక నన్ను ఊరడించడానికి నువ్వే అల్లావా? అల్లి ఉంటే అల్లానని రాయి. తట్టుకుంటాను. కానీ తెలియాలి.

రామేశ్వరమ్మ


చింతకొట్టాల
నవంబరు

వదినా,

నీ ఉత్తరం చదివి నీ తమ్ముడు పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేను ఏడవలేదు. ఇన్ని నెలల నుంచి ఎద మీద పెట్టుకున్న రాయి ఎవరో తీసినట్టు ఉండింది. సిగ్గుగానూ ఉంది.

ముందు బస్సు సంగతి. అది నేను అల్లలేదు. నా పిల్లల మీద ఒట్టు. నాకు పెళ్లైన కొత్తలో పుట్టింటి మీద బెంగతో పొయ్యి దగ్గర ఏడుస్తుంటే అత్త చూసింది. చూసి, మిరపకాయలు తెచ్చి నా ముందు పోసి, ‘ఇవి దంచు. ఆముదం పూయొద్దు. ఎవురైనా అడిగితే ఘాటు అని చెప్పు’ అంది. ఎందుకత్తా అంటే అప్పుడు చెప్పింది ఆ బస్సు సంగతి. నేను రాసింది ఆమె మాటలే. ‘నీకు చెప్పలేకపోయానని కూడా అంది’ అని రాశాను, ఆ ఒక్కటి మాత్రం నాది.

అత్త పోయిన రోజు పొద్దున కాయలు తిరగేసి కూర్చుంది. ‘జోతీ, రొంత ఆయాసంగా ఉండాది, నీళ్లు తే’ అంది. తెచ్చాను. నా చేతి నీళ్లు తాగింది. చెంబు ఇస్తూ, ‘గోనె ఆరినట్టుండాది, మంట లేస్తాది సూడు. పెద్దపాప కాయలు మాడుతాయి’ అంది. నేను గుంత వైపు వంగి గోనె మీద నీళ్లు చల్లాను. పొగ గుప్పున వచ్చింది. ఇటు తిరిగేసరికి గోడకు తల ఆనించి ఉంది. కళ్లు గుంత వైపే ఉన్నాయి. పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. నిన్ను తలుచుకుందా అని అడిగావు. ఆఖరి మాట నీ మాటే వదినా.

నిన్ను రానివ్వకుండా చేసిన పాపంలో నాకూ భాగం ఉంది. పెట్టెలో పెట్టిన ఫిబ్రవరి ఉత్తరం ఇందులోనే పంపుతున్నాను. అది నీకు రావలసిన రోజు రాలేదు.

ఇంకొకటి చెప్పాలి. ఆ తడక మీద ఉన్న కాయలు. ఆ గొడవలో గుంత చల్లారిపోయింది, కాయలకు పొగ సగమే పట్టింది. వాటిని విశ్వాసమ్మ రోట్లో వేయడానికి మనసు ఒప్పలేదు. నీకు పంపింది నేను వేరే కాయలతో చేసిన కారం. అత్త చేతి కాయలు కుండలో పెట్టి మూతికి గుడ్డ కట్టి ఉంచాను. పురుగు పట్టకుండా నెల నెలా ఎండకు పెడుతున్నాను.

ఏడాది దినానికి రా. మిగిలిన పొగ నువ్వే పెట్టు. రోకలి గుడ్డ ఇంటి కోడలు విప్పాలంటారు. నేను విప్పను. నువ్వు వచ్చేదాకా అది అటక దిగదు.

శివజ్యోతి


ఎర్రగుంట్ల
మార్చి

జోతీ,

ఇక్కడ నేను క్షేమం. ప్రయాణం నన్ను ఏమీ చేయలేదు, ఆయాసం కూడా రాలేదు. హనుమేష్ నా చేయి పట్టుకుని బస్సు దించాడు. చేని గట్టున వాడు నా పక్కన నిలబడి ఏడ్చినప్పటి నుంచి వాడి మీద కోపం కొంచెం తగ్గింది. మొత్తం పోలేదు. పోయినప్పుడు రాస్తాను.

అమ్మ కాయలతో అక్కడ దంచి తెచ్చుకున్న కారం జాడీ దేవుడి గూట్లో పెట్టాను. కోడలు నవ్వింది, కారం దేవుడి దగ్గర ఏమిటి అని. నీ ఎల్లిపాయ కారం కూడా ఇంకా ఉంది. ముందు దాన్నే తింటున్నాను. బాగానే ఉంటుంది. అమ్మ వినకుండా అంటున్నాను.

ఒక మాట ఊళ్లో ఉండగా చెప్పలేకపోయాను. చుట్టాలంతా చేరి ఉన్నారు, నువ్వు పనుల్లో ఉన్నావు, ఉన్నా నీ జవాబు నాకు వినపడదు కదా. అందుకే రాస్తున్నాను.

నేను రోకలి గుడ్డ విప్పుతున్నప్పుడు నువ్వు ఆముదం గిన్నె తీసి తలుపు చాటున పెట్టడం చూశాను. ఎందుకు పెట్టావో అర్థమైంది. అన్ని నెలలు అందరి ముందు ఏమీ తెలియనట్టు నడిచిన దాన్ని, ఘాటు లేస్తే ఆ సాకుతో మనసారా ఏడుస్తానని అనుకున్నావు. అమ్మ నీకు నేర్పిన మందు నాకు పోయబోయావు. నా కడుపున పుట్టిన కూతురు ఉన్నా ఇంతకంటే ఆలోచించేది కాదు.

కానీ అమ్మ అలా దాక్కున్నందుకే నేను ఏడాది పాటు ఆమెకు నా మీద ప్రేమ లేదనుకున్నాను. బస్సు కిటికీలోంచి ఎంత వెతికాను జోతీ! ఒక్కసారి వచ్చి, అందరూ చూస్తుండగా ఏడ్చి ఉంటే చాలదా నాకు?

అందుకే లేచి వెళ్లి ఆ గిన్నె తెచ్చుకున్నాను. ఒక్కొక్క కాయకూ ఆముదం బాగా పట్టించి రోట్లో వేశాను. ఘాటు లేవలేదు. ఎవరూ దగ్గలేదు, తుమ్మలేదు. రోకలి పడినప్పుడల్లా నేల అదరడం కాళ్లకు తెలుస్తోంది. నేను ఏడ్చినంతసేపూ నువ్వు ఆపకుండా దంచావు. సుంకమ్మ కూతురు తల్లి కోసం ఏడుస్తోందని అందరూ చూశారు.

మీ వదిన
రామేశ్వరమ్మ